రాని రోగమునకు శుశ్రూష

శుశ్రూషకు రోగి ఆవశ్యకుడా అను ప్రశ్న మొదట వినువారికి విపరీతముగా తోచవచ్చును. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగు పాదములమీద చికిత్స నిలుచునని చరకసంహిత సూత్రస్థానమున చెప్పబడినది. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములను నిర్ణయించి, పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, రోగియెడ అనురాగము, శౌచము అనువానిని విధించిన ఆ శాస్త్రము, నాలుగవ పాదమే లేని చికిత్స యొకటి యుండగలదని అచ్చట తలచినట్లు కానరాదు. ఆసుపత్రి వార్డులో మంచము ప్రక్క నిలిచి నాడిని, జ్వరమును, రక్తపుపోటును కొలుచుట నేర్చిన నర్సింగు విద్యార్థినిని ఒకనాటి ఉదయమున బస్సెక్కించి, సిద్దిపేట జిల్లాలోని రాయపోల్ వంటి పల్లెకు గొనిపోయి, ఇకమీదట నీ రోగి ఈ ఊరేయని చెప్పినప్పుడు ఆమెకు ఎదురగునది ఈ ప్రశ్నయే. అచ్చట మంచము లేదు, మూలుగు లేదు, పొలమునకు పోవు తొందరలోనున్న ఆరోగ్యవంతులు మాత్రము కలరు.

రాయపోల్ 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన వేళ దౌలతాబాదు మండలమునుండి వేరుపడి మండలకేంద్రమైన ఊరు. అదే యేటి ఆగస్టు 7వ తేదీన, చేరువనున్న గజ్వేలు మండలపు కోమటిబండలో, ఇంటింటికి నల్లా నీరు చేర్పనుద్దేశించిన మిషన్ భగీరథ పథకమును దేశప్రధాని ప్రారంభించెను గాన, ఈ సీమకు ప్రజారోగ్య చరిత్రలో నొక స్థానమును కలదు. మొక్కజొన్నయు, పత్తియు, బోరుబావుల క్రింద వరియు పండించు ఈ పల్లెలలో అడుగిడు విద్యార్థినికి భుజమున నొక సంచియు, చేత నొక కుటుంబ సర్వే పుస్తకమును ఉండును. ఆ సంచిని తెరచుటకు విధింపబడిన క్రమము ఏ పూజావిధానమునకును తీసిపోదు. ఇంటిలో శుభ్రమైన చోట వార్తాపత్రిక పరచి, దానిమీద సంచి నుంచి, పైభాగమందలి సబ్బును తువాలును మాత్రమే మొదట తీసి, చేతులు కడుగుకొని, ఆ తరువాతనే లోపలి వస్తువులను ముట్టవలెను. వాడినదానిని శుద్ధి చేయక మరల లోనికి చేర్చరాదు. పని ముగిసిన పిమ్మట మరియొకసారి చేతులు కడుగుకొనవలెను. పరిచారకుని నాలుగవ గుణమైన శౌచము ఈ సంచిలో నున్నది.

మడికట్టు ఆచారమును ఎరిగిన పెద్దలు దీనిని చూచి, ఇదియు నొక మడియేకదా యని చిరునవ్వు నవ్వవచ్చును. కాని రెండింటికిని నడుమ నొక గొప్ప భేదము కలదు. మడికట్టుకొన్నవాడు తన్ను పరులనుండి కాపాడుకొనును. సంచి తెరచు బాలిక పరులను తననుండి కాపాడును. మొదటిదానియందు అశుచి యెదుటివానిలో నున్నదను భావము కలదు; రెండవదానియందు అది తన చేతులమీదనే యుండవచ్చునను ఒప్పుకోలు కలదు. అస్పృశ్యతను శతాబ్దముల తరబడి శౌచమను పేర పోషించిన దేశమున ఈ భేదమును విడమరచి చెప్పని బోధకురాలు సబ్బు వాడుకను మాత్రమే నేర్పినదగును. ఆ సంచిని ఊరిలోని ప్రతి వాడలోను ఒకే తీరున తెరచినప్పుడే ఆ విధి ధర్మమగును.

అట్లు చేతులు కడుగుకొని ఆమె అడుగు ప్రశ్నలు సామాన్యమైనవి: ఇంట నెందరు, త్రాగు నీరెక్కడిది, గోలెములోని నీటిని ఎన్నాళ్లకు పారబోయుదురు, బిడ్డకు తొమ్మిదవ నెల సూది పడినదా, మరుగుదొడ్డి వాడుకలో నున్నదా. వీనికి ఇంటి పెద్దావిడనుండి వచ్చు సమాధానములు తరచుగ రెండు విధములుగ నుండును. "మాకేం రోగం లేదు బిడ్డా, రోగమున్నోళ్ల ఇంటికి పోండ్రి" అనునది మొదటిది. "ఎవల నొసట ఏం రాసిండో దేవుడు, సూది ఆపుతదా?" అనునది రెండవది. ఈ రెండింటిని అజ్ఞానమని కొట్టివేసి, గోడకు తగిలించిన బొమ్మలపటమును చూపి పాఠము ముగించుట సులభము. పెక్కుచోట్ల జరుగుచున్నదియు నదియే. నా మతమున ఈ రెండును దార్శనిక ప్రశ్నలు. మొదటిది, లేనిదానికొరకు చేయు కర్మకు అర్థమేమి యనునది. రెండవది, దైవమునకును పురుషకారమునకును గల సంబంధమెట్టిదనునది. వీనికి సమాధానము తెలియని విద్యార్థిని పల్లెలో నోటికి వచ్చిన పాఠమును అప్పగించును గాని బోధింపజాలదు.

రెండవదానినే ముందుగా విచారింతము. ఆయుష్షు నియతమా, అనియతమా యను వివాదమును రాయపోల్ అవ్వ కొత్తగా కల్పింపలేదు. చరకసంహిత విమానస్థానమునందలి మూడవ అధ్యాయము, జనపదములకు జనపదములే నశించు ఉపద్రవములను గూర్చినది, ఈ ప్రశ్నను సూటిగా చేపట్టినది. పాంచాల రాజధానియైన కాంపిల్యమున, గంగాతీరపు అడవిలో, వేసవి తుదిమాసమున శిష్యులతో సంచరించుచున్న పునర్వసు ఆత్రేయుడు, రానున్న మహోపద్రవపు చిహ్నములను గమనించి, భూమి తన రసమును కోల్పోకమునుపే ఓషధులను సేకరింపుడని అగ్నివేశునితో పలుకుటతో ఆ అధ్యాయ మారంభమగును. ఉపద్రవ మింకను రాలేదు. రోగి యింకను పుట్టలేదు. ఔషధసంగ్రహము మాత్రము మొదలైనది. సూత్రస్థానమున కానరాని ఆ రోగి లేని చికిత్స ఇచ్చట కానవచ్చుచున్నది.

అందరి ఆయుర్దాయము ముందే కొలిచి యుంచబడినచో మంత్రములును ఓషధులును నియమములును నిష్ప్రయోజనములని ఆత్రేయుడు వాదించును. ఏనుగు మీదికి వచ్చుచున్నను తప్పుకొననక్కరలేదు. నియతాయువైన శత్రువును ఇంద్రుడు వజ్రముతోనైనను కొట్టజాలడు. అశ్వినులు ఆర్తునకు మందీయ బనిలేదు. మహర్షులు తపస్సుచేత కోరినంత ఆయువును పొందుటయు పొసగదు. దైవమును నమ్మువారి నోరు మూయించుటకు దేవతలనే సాక్షులుగ పిలిచిన ఈ నేర్పు మెచ్చదగినది. పిమ్మట ఆయన చెప్పిన దృష్టాంతము బండి యిరుసును గూర్చినది. సహజగుణములు గల యిరుసు తగిన బరువు మోయుచు, తగిన బాటను నడచుచు, కాలము తీరి అరిగిపోవుట యొకటి. అదే యిరుసు మితిమీరిన భారముచేతను, గతుకుల దారిచేతను, తోలువాని లోపముచేతను, కందెన లేమిచేతను నడుమనే విరుగుట మరియొకటి. మొదటిది కాలమృత్యువు, రెండవది అకాలమృత్యువు. దైవమును ఆయన త్రోసిపుచ్చలేదు: దుర్బలమైన దైవమును బలమైన పురుషకారము గెలుచును, బలమైన దైవము పురుషకారమును అడ్డును అని రెండు వైపులను చెప్పెను. ఈ నిజాయితీ మన ఆరోగ్యప్రచారములలో కొరవడుచున్నది. టీకా వేయించిన బిడ్డకు ఏ కీడును రాదని మాట యిచ్చి, తరువాత ఏదేని వచ్చినప్పుడు తలదించుకొనుటకంటె, ఇరుసునకు కందెన పెట్టుట మన చేతిలోనిది, మిగిలినది కాదు అని చెప్పుట మేలు. "కందెన పెట్టకుంటే ఇరుసు ఇరుగుతది గదా అవ్వా, అది గూడ రాసిపెట్టిందేనా?" అని విద్యార్థిని అడిగినచో అవ్వ ఒప్పుకొనకపోవచ్చును, కాని సంభాషణము ఆమె ఎరిగిన బాటలో నడచును. ఎడ్లబండ్లు తరిగిపోయినవి నిజమే. ట్రాక్టరు బేరింగులకు గ్రీజు వేయవలెనని ఆమె మనుమనికి తెలియును.

పోచమ్మ గుడి లేని ఊరు ఈ సీమలో అరుదు. ఒంటిమీద పొక్కులు లేచిన బిడ్డను చూచి తల్లి పోసినదని గడపకు వేపకొమ్మలు కట్టుటయు, నెమ్మదించిన పిమ్మట బోనము సమర్పించుటయు నేటికిని కలవు. ఈ నమ్మిక యెడల విద్యావంతులు రెండు విధములుగ తప్పు నడచుచున్నారు. కొందరు దీనిని పరిహసింతురు. అట్టివారికి ఆ యింట మరల తలుపు తెరువబడదు. మరికొందరు వేపకొమ్మను చూచి, మన పూర్వులకు రోగిని వేరుపరచు శాస్త్రము తెలియునని పొంగిపోవుదురు. కొమ్మ కట్టిన యింటికి పొరుగువారు పోకుండుట కొంత మేలే చేసియుండును. కాని మశూచిని వేప ఆపలేదు, టీకా ఆపినది. 1975లో మన దేశమున తుది మశూచి రోగి కానవచ్చిన పిమ్మట, 1980 మే 8న ప్రపంచారోగ్య మహాసభ ఆ వ్యాధి లోకమున లేదని ప్రకటించినది. పోచమ్మ గుడులు మాత్రము మూతబడలేదు. మూతబడవలసిన పనియు లేదు. రోగముతోపాటు నశింపని దేవత రోగముకంటె పెద్దదని ఊరివారికి తెలియును, తెలియనిది పరిహసించువారికే.

ఇక మొదటి ప్రశ్న. రోగమే లేని యింట నర్సునకు పనియేమి? దీనికి సమాధానము ఆరోగ్యశాస్త్ర గ్రంథములలోకంటె తర్కశాస్త్రమునందు నాకు స్పష్టముగ కానవచ్చినది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావమును నాలుగు విధములుగ విభజించెను. అందు రెండు మనకిచ్చట ప్రస్తుతములు. కుండ చేయబడకమునుపు కుండ లేకుండుట ప్రాగభావము. దానికి ఆది లేదు, అంతము కలదు. కుండ పగిలిన పిమ్మట అది లేకుండుట ప్రధ్వంసాభావము; దానికి ఆది కలదు, అంతము లేదు. వార్డులోని నర్సు సాధింపగోరునది రోగముయొక్క ప్రధ్వంసాభావము. అది ఫలానినాడు మొదలైనదని తేదీ వేసి డిశ్చార్జి కాగితముమీద వ్రాయవచ్చును. బంధువులు చేతులు జోడింతురు. తల్లి కన్నీరు తుడుచుకొని సిస్టరమ్మ పేరు తలచుకొనును. పల్లెలోని నర్సు కాపాడునది ప్రాగభావము. దానికి ఆది లేదు గాన జరుపుకొనుటకు దినము లేదు; అంతము కలదు గాన క్షణమేమరరాదు. గోలెములోని నీటిని ఈ శుక్రవారము పారబోయించినంత మాత్రమున వచ్చు శుక్రవారము విశ్రాంతి లేదు.

అనాదియైన అభావమును సాధించుట యెట్లు, ముందే యున్నదానిని పురుషప్రయత్నము క్రొత్తగా చేయునదేమి యని తార్కికులు మోక్షవిచారమున ఆక్షేపించియున్నారు. ఉన్నదానికి అంతము తెచ్చు కారణములను తొలగించి దానిని నిలుపుటయు ప్రయత్నసాధ్యమేయని దానికి సమాధానము. చిత్రమేమనగా, దుఃఖనివృత్తిని గూర్చిన ఈ సూక్ష్మవాదము, పదునెనిమిదేండ్ల బాలిక దోమపిల్లలు కదలాడు నీటి డ్రమ్మును బోర్లించునప్పుడు సంపూర్ణముగ సార్థకమగుచున్నది.

కాని తర్కము సమాధానపడినంతలో మనస్సు సమాధానపడదు. బుధవారమునను శనివారమునను పల్లెలలో టీకాలు వేయుదురు. ఆరువారముల పసికందుకు సూది పడిన రాత్రి జ్వరము వచ్చును, తొడ వాచును, బిడ్డ ఏడ్చును. ఇది తల్లికి ప్రత్యక్షము. కంఠసర్పియు, కోరింత దగ్గును, ధనుర్వాతమును రాకపోవుట ఆమెకు ప్రత్యక్షము కాదు. అభావమును తెలిసికొనుటకు అనుపలబ్ధి యను వేరొక ప్రమాణమే కావలెనని భాట్ట మీమాంసకులు వాదించిరి. వాకిటిలో నిలిచిన తల్లి వద్దనున్న ప్రమాణము బిడ్డ నొసటి వేడి యొక్కటియే. మరియు తట్టు వంటి రోగము ఊరిలో వ్యాపింపకుండుటకు నూటికి సుమారు 95 మందికి రక్షణ యుండవలెను. అనగా ఈ బిడ్డ ఓర్చిన జ్వరములో కొంత పొరుగువాడలో ఇంకను సూది వయస్సు రాని శిశువుకొరకు ఓర్చినది. ఆ శిశువు పేరు ఈ తల్లికి తెలియదు. ఈ బిడ్డ పేరు ఆ తల్లికి తెలియదు. ముఖము నెరుగని వానికొరకు చేయు త్యాగమును ఏ మాటలతో బోధింపవలెను?

మన ధర్మశాస్త్రములు దీనికి దారి చూపకపోలేదు. యజ్ఞాదులను ఇష్టమనియు, చెరువు, బావి, తోట, సత్రము మొదలగువానిని పూర్తమనియు వేరుచేసి, రెండింటిని జోడించి ఇష్టాపూర్తములని పెద్దలు కొనియాడిరి. తెలుగు రాజులు కోరిన సప్తసంతానములలో కన్నకొడుకు ఒక్కడు. తక్కినవి కృతి, నిధి, తటాకము, వనము, అగ్రహారము, దేవాలయము. చెరువు త్రవ్వించినవానికి దాని నీరు త్రాగువారి ముఖములు తెలియవు. పుట్టబోవువారి ముఖములు ఎవరికి తెలియును? పాఖాల, రామప్ప చెరువుల క్రింద నేటికిని వరి పండుచున్నది. గణపతిదేవుని, రుద్రమదేవి దానములను తెలుపు 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనము, విశ్వేశ్వర శివాచార్యుడు నెలకొల్పిన సంస్థలలో విద్యాస్థానముతోపాటు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొన్నది. కడుపుతోనున్న అపరిచితస్త్రీకి చోటు కల్పించుట దేవునికి నైవేద్యము పెట్టుటతో సమానమైన వ్యయపద్దుగా ఆ కాలమున ఒక మఠము అంగీకరించెనని దానివలన తెలియుచున్నది. ప్రజారోగ్యము పూర్తధర్మమునకు వారసురాలు. ఒక భేదము మాత్రము కలదు: చెరువు త్రవ్వించినవానికి శాసనము మిగిలెను, నర్సునకు రిజిస్టరులో నొక టిక్కు మాత్రము మిగులును.

ఇచ్చట నిష్కామకర్మను గూర్చి ఉపన్యసించుట బోధకులకు సులభము. నాకు దానియెడ కొంత జంకు కలదు. ఫలాపేక్ష లేకుండుట వేరు, ఫలజ్ఞానము లేకుండుట వేరు. ఎందరు బిడ్డలకు టీకా పడెనో, ఎందరు గర్భిణులకు రక్తహీనత తగ్గెనో లెక్క కట్టుట ఫలాసక్తి కాదు. లెక్క కట్టకుండుట వైరాగ్యమును కాదు, అలసత్వము. మరియు, నిష్కామముగ పనిచేయుమను హితవు జీతము చాలనివారికే తరచుగ చెప్పబడుచుండును, జీతము నిర్ణయించువారికి చెప్పబడుట అరుదు. ఆశా కార్యకర్తకు గీతార్థమును బోధించుటకు ముందు ఆమెకు రావలసిన పైకమును వేళకు ముట్టజెప్పుట ధర్మము.

తిరిగి చరకసంహితలోని ఆ జనపదోద్ధ్వంసనాధ్యాయమునకు వత్తము. దానిలో విద్యార్థినులకు అత్యంతావశ్యకమైన భాగము మిగిలియున్నది. అగ్నివేశుని ప్రశ్న యిది: ప్రకృతియు, ఆహారమును, బలమును, మనస్సును, వయస్సును వేర్వేరుగనున్న మనుష్యులు ఒకే కాలమున ఒకే రోగముచేత నశించుట యెట్లు? వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును అందరికిని సామాన్యములు గాన, అవి చెడినప్పుడు అందరును చెడుదురని ఆత్రేయుని యుత్తరము. ఈ మనిషికి రోగమేల వచ్చెననుట ఒక ప్రశ్న, ఈ జనసమూహమున ఇంత రోగమేలననుట వేరొక ప్రశ్న యని జెఫ్రీ రోజ్ అను ఆంగ్ల వైద్యుడు 1985లో వ్రాసిన వ్యాసము నేడు ప్రజారోగ్య విద్యార్థులకెల్ల పాఠ్యము. ఆ రెండవ ప్రశ్నయే అగ్నివేశుడు అడిగినది. అటుపైన ఆత్రేయుడు మరియొక మెట్టు దిగి, ఆ నాలుగును చెడుటకు మూలము అధర్మమనెను. ఎవరి యధర్మము? ఇచ్చట పాఠకుడు శ్రద్ధగా గమనింపవలెను. రోగియైన పేదవాని పూర్వజన్మ పాపమును ఆయన ఇచ్చట ముందుంచలేదు. దేశమునకు, నగరమునకు, జనపదమునకు ప్రధానులైనవారు ధర్మము తప్పి ప్రజలను నడపుటను ముందుంచెను. వారి నాశ్రయించినవారు ఆ యధర్మమును పెంతురని తరువాత చెప్పెను.

ఫ్లారెన్సు నైటింగేలు మన దేశమున అడుగు పెట్టకయే దశాబ్దముల తరబడి మన పల్లెల పారిశుద్ధ్యమును గూర్చి వ్రాసినది. ఆమెకు గణాంకములు భక్తిగ్రంథము. మరణముల లెక్కలలో కానవచ్చు క్రమము ఈశ్వరుని శాసనమనియు, దానిని చదివి నడచుకొనుట మానవుని విధియనియు ఆమె నమ్మినది. మురుగునంతయు నదిలోనికి వదలుచు మహమ్మారినుండి కాపాడుమని గుడిలో ప్రార్థించుట ఆమెకు వింతగా తోచినది. 1894లో ఇంగ్లాండు పల్లెల ఆరోగ్యమును గూర్చి వ్రాయుచు, ఇల్లిల్లు తిరిగి తల్లులకు స్నేహితురాండ్రుగ ఆరోగ్యము నేర్పు స్త్రీలు కావలెనని ఆమె కోరినది. రాయపోల్ గడపలో నేడు సంచి తెరచు బాలిక ఆమె కోరిన స్త్రీయే. అయినను నైటింగేలు ఇల్లాలితో ఎంత మాటాడెనో ప్రభుత్వముతోను అంత పోట్లాడెను. మనము మొదటి సగమును మాత్రమే పాఠ్యప్రణాళికలోనికి తీసికొంటిమి. కాలువ కట్టని వీధిలో నిలిచి, నీరు కాచి త్రాగుమని ఇల్లాలికి బోధించుచున్నాము. కట్టెలకు, గ్యాసునకు ఆమె పెట్టు ఖర్చును మనము లెక్కింపము; బోధింపబడవలసినవారిలో ఇల్లాలు కడపటిది, ఆత్రేయుని వరుసలో మొదటివారు వేరు.

విద్యార్థినులు ఇల్లిల్లు తిరిగి వ్రాసిన సర్వే పుస్తకములలో, ఏ వీధిలో మురుగు నిలిచియున్నది, ఏ వాడకు నల్లా నీరు సరిగా చేరుట లేదు, ఏ బిడ్డకు రెండవ టీకా తప్పినది, ఏ గర్భిణికి ఇనుపమాత్రలు అందలేదు అను సంగతులన్నియు నుండును. మార్కులు వేయబడిన పిమ్మట ఆ పుస్తకములు బీరువాలకు పరిమితమగుట అన్యాయము. రాయపోల్ మండలమున ఏ ఊరికి విద్యార్థినులు వచ్చినను, తిరిగి వెళ్లకమునుపు ఆ పుస్తకమందలి ముఖ్యాంశములను, ఇంటిపేర్లు బయటపెట్టక, గ్రామసభలో వారిచేతనే చదివింపవలసినదని బోధకురాండ్రను, ఆ దినమున ముందువరుసలో కూర్చుండి కడవరకు వినవలసినదని సర్పంచులను, పంచాయతీ కార్యదర్శులను, మండలాధికారులను కోరుచున్నాను.